కళాశాల క్రీడల టీవీ హక్కులు, చెదిరిన కాన్ఫరెన్సులపై తీర్మానం

అమెరికా పశ్చిమ తీరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల సంఘం సర్వసభ్య సమావేశం ఈ విషయాన్ని సుదీర్ఘంగా చర్చించి కింది తీర్మానాన్ని ఆమోదించింది. మా సభ్యుల్లో పలువురు ఎమ్మెస్‌కో పీహెచ్‌డీకో వచ్చి ఈ తీరపు విశ్వవిద్యాలయాల్లో చదువుకున్నవారు. పట్టాతో పాటు అక్కడి జట్టు మీద అభిమానాన్నీ ఇంటికి తెచ్చుకున్నవారు. ఇప్పుడు కొందరి పిల్లలు ఆ క్యాంపస్‌లలోనే చదువుతూ టెన్నిస్, ఈత, వాలీబాల్ ఆడుతున్నారు. ఇది మా ఇంటి విషయమని సభ భావిస్తున్నది.

1915 డిసెంబరులో పోర్ట్‌లాండ్‌లో కాలిఫోర్నియా (బర్క్‌లీ), వాషింగ్టన్, ఓరెగన్ విశ్వవిద్యాలయాలు, నేటి ఓరెగన్ స్టేట్ కలిసి ఒక కాన్ఫరెన్స్ పెట్టుకున్నాయి. ఒకరితో ఒకరు ఏటా ఆడుకోవడానికి ఇరుగుపొరుగు విద్యాసంస్థలు కుదుర్చుకున్న పొత్తు అది. పశ్చిమ ప్రాంతపు పన్నెండు విశ్వవిద్యాలయాలతో నడిచిన ప్యాక్-12 కాన్ఫరెన్స్ తన వయసును అక్కడి నుంచే లెక్కించుకుంటుంది. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ దాన్ని వీడి బిగ్ టెన్ అనే మరో కాన్ఫరెన్స్‌లోకి వెళ్తున్నట్టు ప్రకటించాయి. మరుసటి ఏడాది జూలైలో కొలరాడో బిగ్ 12 అనే ఇంకో కాన్ఫరెన్స్ దారి పట్టింది. 2023 ఆగస్టు 4న ఒక్క రోజులో ఐదు వెళ్ళిపోయాయి: ఓరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కు, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కు. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీలను ఏసీసీ చేర్చుకుంది. ఏసీసీ అంటే అట్లాంటిక్ తీరపు కాన్ఫరెన్స్. పసిఫిక్ ఒడ్డున ఉన్న రెండు విద్యాసంస్థలకు అదే దిక్కయింది. పన్నెండింటిలో మిగిలినవి ఓరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే. 1915 నాటి నలుగురు వ్యవస్థాపకుల్లో ఇల్లు కాచుకున్నది ఓరెగన్ స్టేట్ ఒక్కటే.

ఈ వలసలకు మూలం 1984 జూన్‌లో వెలువడిన అమెరికా సుప్రీంకోర్టు తీర్పు. అప్పటివరకు ఏ కళాశాల ఫుట్‌బాల్ మ్యాచ్ టీవీలో రావాలో, ఎన్నిసార్లు రావాలో కళాశాల క్రీడల జాతీయ సంఘమైన ఎన్‌సీఏఏ నిర్ణయించేది. ఓక్లహోమా విశ్వవిద్యాలయం, జార్జియా విశ్వవిద్యాలయ క్రీడా సంఘం వేసిన దావాలో ఆ పెత్తనం పోటీ చట్టానికి విరుద్ధమని ఏడుగురు న్యాయమూర్తులు తేల్చారు. విభేదించిన ఇద్దరిలో అసమ్మతి తీర్పు రాసిన బైరన్ వైట్ స్వయంగా ఒకప్పటి కొలరాడో ఫుట్‌బాల్ ఆటగాడు. కళాశాల ఆటను మామూలు వ్యాపారంలా తూచకూడదన్నదే ఆయన వాదం. మెజారిటీ తీర్పు చట్టప్రకారం తప్పని ఈ సభ అనడం లేదు. అయితే ఆ రోజు తెరుచుకున్న తలుపులోంచే ఈనాటి డబ్బంతా వచ్చింది, పాత పొత్తులన్నీ బయటికి నడిచాయి.

లెక్కలు నమోదు చేయడం అవసరమని సభ్యులు కోరారు. ప్యాక్-12 2011లో ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో పన్నెండేళ్ళకు సుమారు 300 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అప్పట్లో అది ఘనమైన మొత్తం. మరుసటి ఏడాది పెట్టుకున్న సొంత చానల్ మాత్రం ఉపగ్రహ టీవీ సేవ డైరెక్ట్‌టీవీలో ఒక్కనాడూ రాలేదు. 2022 ఆగస్టులో బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్ళకు 700 కోట్ల డాలర్లకు పైగా ఖరారు చేసుకుంది. బిగ్ 12 ఒప్పందం ప్యాక్-12 కంటే ఒక ఏడాది ఆలస్యంగా ముగియాల్సి ఉన్నా, అది ముందే మేల్కొంది. 2022 అక్టోబరులోనే ఆరేళ్ళకు 228 కోట్ల డాలర్ల పొడిగింపు తీసుకుంది. ప్యాక్-12 పెద్దలు 2023 వేసవి దాకా చర్చలు సాగదీశారు. చివరికి వారి చేతిలో మిగిలింది, చందాదారుల సంఖ్యను బట్టి పెరిగే ఆపిల్ స్ట్రీమింగ్ ప్రతిపాదన. వెళ్ళినవారిని తప్పుపట్టే ముందు ఈ ఆలస్యాన్ని కూడా ఒప్పుకోవాలి.

వెళ్ళినవారికైనా నిండు విస్తరి దొరకలేదు. ఓరెగన్, వాషింగ్టన్‌లు పాత సభ్యుల వాటాలో దాదాపు సగానికే ఒప్పుకున్నాయి. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీలకు ఏసీసీలో తొలి ఏడేళ్ళు టీవీ వాటాలో సుమారు 30 శాతమే. వాటితో పాటు చేరిన డల్లాస్‌లోని ఎస్‌ఎంయూ తొమ్మిదేళ్ళు టీవీ డబ్బు తీసుకోబోనని చెప్పి మరీ లోపలికి వెళ్ళింది. యూసీఎల్‌ఏ, బర్క్‌లీ రెండూ ఒకే ప్రభుత్వ విశ్వవిద్యాలయ వ్యవస్థలోవి. ఒకటి వెళ్ళిపోవడం వల్ల రెండోదానికి కలిగిన నష్టానికి ఏటా కోటి డాలర్లు చెల్లించాలని ఆ వ్యవస్థ పాలక మండలి సభ్యులైన రీజెంట్లు 2024లో నిర్ణయించారు. ప్రజల సొమ్ము ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేయడానికి ఇంత ప్రయాణం చేశామా అని ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్నకు సభలో జవాబు దొరకలేదు.

ఇక పిల్లల సంగతి. సభ అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే వెచ్చించింది. ఫుట్‌బాల్ వారానికి ఒక్క మ్యాచ్. సీజన్‌కు మామూలుగా పన్నెండు, వాటిలో దాదాపు సగం సొంత మైదానంలో. లాస్ ఏంజెలెస్ నుంచి న్యూజెర్సీలోని బిగ్ టెన్ సంస్థ రట్గర్స్ దాకా దాదాపు 4,000 కిలోమీటర్లు వెళ్ళినా, అది సీజన్‌లో ఎప్పుడో ఒకసారి, శనివారం కోసం. వాలీబాల్, సాకర్, సాఫ్ట్‌బాల్, టెన్నిస్ అలా కాదు. వాటిలో మ్యాచ్‌లు ఎక్కువ, పని దినాల్లోనూ ఉంటాయి. వాటికి టీవీ డబ్బు తెచ్చే శక్తి లేదు, ప్రయాణ భారం మాత్రం నెత్తిన పడింది. బర్క్‌లీ అమ్మాయి బోస్టన్ వెళ్ళి ఆడి తిరిగివస్తే మూడు గంటల కాలమండల తేడా, పోయిన రెండు రోజుల క్లాసులు, విమానంలో రాసే అసైన్‌మెంట్లు. ఈ పిల్లల్లో అత్యధికులు ఆటను వృత్తిగా చేసుకోరు. వారికి మిగిలేది చదువే. ఏ నిర్ణయం కోసమైతే వారు ఇంత మూల్యం చెల్లిస్తున్నారో, దాని గురించి వారిని ఎవరూ అడగలేదు.

ఆటగాడికి దక్కే వాటా విషయానికొస్తే, మన సభ్యులందరికీ ఐపీఎల్ తెలుసు. 2023-27కు దాని ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలు పలికాయి. అక్కడ ఆటగాడు వేలంలో తన ధర పొంది ఆడతాడు. ఇక్కడ కోట్లు పండించిన విద్యార్థికి విశ్వవిద్యాలయం నేరుగా వాటా ఇవ్వడం 2025 జూన్‌లో ఆటగాళ్ళ వాటాపై నడిచిన హౌస్ కేసు రాజీని న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించాకే మొదలైంది. పాత బకాయిల కింద 280 కోట్ల డాలర్లు చెల్లించాలని, 2025-26లో ఒక్కో సంస్థ 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా పంచవచ్చని ఆ రాజీ తేల్చింది. ఈ న్యాయం ఆలస్యంగానైనా జరిగినందుకు సభ హర్షిస్తున్నది. ఆ సొమ్ము కోసం చిన్న ఆటలను మూసివేసే ప్రమాదం ఉందని కూడా హెచ్చరిస్తున్నది. 2023లో టెక్సాస్ ఏ అండ్ ఎం ఒక కోచ్‌ను పంపించేయడానికి ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా ఒప్పుకుంది. చిన్న ఆటలకు డబ్బు లేదన్న మాటను దాని పక్కన పెట్టి చూడాలి.

పై కారణాల వల్ల ఈ సభ తీర్మానిస్తున్నది:

ఫుట్‌బాల్‌ను మిగతా ఆటల నుంచి వేరు చేయాలి. టీవీ కోసం ఫుట్‌బాల్ ఎంత దూరమైనా వెళ్ళనీయండి. తక్కిన ఆటలను తీరంలోని పొరుగు సంస్థల మధ్యకే తిరిగి తేవాలి. ఇది సాధ్యమేననడానికి నిదర్శనం కళ్ళ ముందే ఉంది. బిగ్ టెన్, ఏసీసీలలో వాటర్ పోలో పోటీ లేదు. కనుక స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, యూఎస్‌సీలు ఆ ఆటలో ఇప్పటికీ మౌంటెన్ పసిఫిక్ స్పోర్ట్స్ ఫెడరేషన్‌లో ఒకదానితో ఒకటి ఆడుకుంటున్నాయి. వాటర్ పోలోకు వీలైనది వాలీబాల్‌కు ఎందుకు వీలుకాదో విశ్వవిద్యాలయాధిపతులు రాతపూర్వకంగా చెప్పాలి.

ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఏదైనా కాన్ఫరెన్స్ మారదలిస్తే, టీవీ ఒప్పందపు ముఖ్యాంశాలు, ఒక్కో ఆటకు అయ్యే ప్రయాణ ఖర్చు, పోయే తరగతి రోజుల అంచనా ముందుగా బయటపెట్టి, బహిరంగ సమావేశంలో ఆటగాళ్ళ మాట విన్నాకే ఓటు వేయాలి.

1961 నాటి క్రీడా ప్రసార చట్టం వృత్తి లీగులకు తమ హక్కులను కలిపి అమ్ముకునే వెసులుబాటు ఇచ్చింది. కళాశాల కాన్ఫరెన్సులన్నీ కలిసి అమ్మడానికి ఆ రక్షణ లేదు. దాన్ని వాటికీ వర్తింపజేయాలని కాంగ్రెస్‌ను కోరుతున్నాం. దీనిపై సభలో గట్టి అభ్యంతరం వచ్చింది. 1984కు ముందు ఎన్‌సీఏఏ చేసిన పెత్తనాన్ని మళ్ళీ నెత్తిన పెట్టుకుంటామా అని కొందరు అడిగారు. ఆ అభ్యంతరం సబబైనదే కనుక ఒక షరతు చేర్చాం: ఉమ్మడి అమ్మకం వల్ల వచ్చే ఆదాయంలో నిర్ణీత భాగం మహిళల ఆటలకు, ఒలింపిక్ ఆటలకు చట్టప్రకారమే కేటాయించాలి, ఆటగాళ్ళ వాటాను తగ్గించరాదు. ఈ షరతు లేని సవరణకు మా మద్దతు లేదు.

ఓరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్‌లకు ఈ సభ అభినందన తెలుపుతున్నది. వెళ్ళిపోతున్న పది సంస్థలు ప్యాక్-12 ఖజానాపై పెత్తనం చేయరాదంటూ అవి విట్‌మన్ కౌంటీ కోర్టుకెక్కి, 2023 నవంబరులో గెలిచాయి. డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. 2026 జూలై 1 నుంచి అమలయ్యేలా బోయిసీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్, కొలరాడో స్టేట్, యూటా స్టేట్, గొంజాగా, టెక్సాస్ స్టేట్‌లను చేర్చుకుని కాన్ఫరెన్స్‌ను మళ్ళీ నిలబెట్టాయి. ఆ రెండు సంస్థలున్న కార్వాలిస్, పుల్‌మన్ చిన్న ఊళ్ళు. అక్కడి మైదానాలకు టికెట్ కొని వెళ్ళడం ఈ ఏడాది మన సభ్యులందరూ చేయగల పని. చేయాలని సభ విజ్ఞప్తి చేస్తున్నది.

ఈ తీర్మానం ఉమ్మడి అమ్మకంపై ఉన్న భాగం మినహా ఏకగ్రీవంగా, ఆ భాగం మెజారిటీ ఓటుతో ఆమోదం పొందింది. దీని ఆంగ్ల ప్రతులను ప్యాక్-12ను వీడిన పది విశ్వవిద్యాలయాల అధిపతులకు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ రీజెంట్లకు, మన ప్రాంత కాంగ్రెస్ సభ్యులకు పంపే బాధ్యతను కార్యదర్శికి అప్పగించడమైనది.