ఇల్లు మోసే జట్టు

నెలాఖరు వచ్చినదంటే దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ కాలనీలలో డీ.సీ.ఎం. బండ్ల సందడి. బీరువాలు, మంచములు, ఫ్రిజ్జులు ఒక మేడ దిగి మరొక మేడ నెక్కును. అప్పుడప్పుడు జాలీపెట్టెలో కుక్క కూడ బయలుదేరును.

కుక్క ప్రయాణమునకు 1978 నాటి నిబంధనలున్నవి. పశువైద్యుని ధ్రువపత్రము కావలెను. కనీసము రెండు గంటలు ముందుగా తిండి, నీరు పెట్టవలెను. ఆకలిదప్పులతో పెట్టెలో నుంచరాదు. మంచి నిబంధనలే. మరి ఆ పెట్టెను మోయు మనిషి తిన్నాడా అని అడుగువారెవరు?

ముఠా, జట్టు, హమాలీ కార్మికుల కొరకు 1976లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టము వచ్చినది. చట్టము పేరులోనే మన పనివారి మాటలుండుట ముచ్చటే. కాని ఒకే గిడ్డంగిని నమ్ముకొన్న హమాలీకి యజమాని ఎవరో తెలియును. ఇండ్లు మార్చు జట్టుకు ఉదయమొక గడప, సాయంకాలమొక గడప. నడుము పట్టినచో ఇంటివారు కంపెనీని చూపుదురు; కంపెనీ మేస్త్రీని చూపును; మేస్త్రీ మరునాడు వేరొకనిని పిలుచును.

పురుషుడు మోయు బరువు 55 కిలోలకు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసినది. మెట్లమీదుగా మూడవ అంతస్తునకు పోవు ఇనుప బీరువాను తూచినవారెవరు? సామానుకు బీమా కావలెనా అని కంపెనీలు అడుగుచున్నవి. ఆ బిల్లులోనే కూలి పేరు, అతని బీమా కూడ వ్రాయవలెనని ప్రభుత్వము నిర్బంధింపవచ్చును.