స్పీషీస్ అంటే జాతేనా?

మొన్న క్లాసయ్యాక ఒక బీఎస్సీ అమ్మాయి బాటనీ పుస్తకం పట్టుకుని వచ్చింది. "సర్, ఇక్కడ స్పీషీస్‌ని జాతి అని రాశారు. మా ఊళ్లో మమ్మల్ని తిట్టేటప్పుడు కూడా ఇదే మాట. రెండూ ఒకటేనా?" అంది. బెల్లు కొట్టేలోపు చెప్పే జవాబు కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

స్పీషీస్ లాటిన్ మాట. 'చూడటం' అనే ధాతువు నుంచి వచ్చింది. కంటికి కనిపించే రూపం అని దాని మొదటి అర్థం. ఇన్‌స్పెక్షన్, సస్పెక్ట్, రెస్పెక్ట్ కూడా ఆ కుదురులోవే. మన 'జాతి' అలా కాదు. పుట్టుకను చెప్పే 'జన్' ధాతువు దానిది. దానికి అసలు చుట్టం జీనస్. మన పుస్తకాలు జీనస్‌ని ప్రజాతి చేసి, స్పీషీస్‌కి జాతిని ఇచ్చాయి. రూపాన్ని చెప్పే మాట తెలుగులో పుట్టుకను చెప్పే మాటైంది.

అనువాదకులది కుట్ర అనను. కానీ ఆ మాట మన దగ్గర ఖాళీగా లేదు. మేలుజాతి ఎద్దు, జాతిరత్నం, జాతీయ జెండా, 'జాతి తక్కువోడు'... అన్నిట్లోనూ అదే. తిట్టులో విన్న మాటే సైన్సు పుస్తకంలో కనబడితే, మనుషులు పుట్టుకతోనే వేరని సైన్సూ ఒప్పుకుందేమో అనిపించదా?

సైన్సు ఒప్పుకోలేదు. 1758లో లినేయస్ మనుషులందరినీ హోమో సేపియన్స్ అనే ఒకే పేరు కింద పెట్టాడు. అదే పుస్తకంలో ఖండాన్నీ రంగునూ బట్టి విడదీసి, ఒక్కో గుంపుకు ఒక్కో గుణం అంటగట్టాడు కూడా. చూపును నమ్ముకుంటే జరిగేది అదే. 1942లో ఎర్నెస్ట్ మేయర్ రూపాన్ని పక్కనపెట్టాడు. తమలో తాము సంతానం కనగలిగి, ఇతర సమూహాలతో ప్రకృతిలో అలా కలవనిదే ఒక స్పీషీస్ అన్నాడు.

ఈ కొలత పట్టుకుని మనుస్మృతి పదో అధ్యాయం చదవండి. ఏ వర్ణం తండ్రికీ ఏ వర్ణం తల్లికీ పుడితే ఎవరవుతారో జాబితా ఉంటుంది. శూద్ర తండ్రికీ బ్రాహ్మణ తల్లికీ పుట్టినవాడు చండాలుడట. అంటే వర్ణాల మధ్య పిల్లలు పుడతారని మనువే సాక్ష్యం చెప్పాడు. అందరం ఒకటే స్పీషీస్ అని ఇంతకన్నా ఎవరు ఒప్పుకుంటారు?

వేపకూ మామిడికీ మధ్య ఏ ధర్మశాస్త్రం కాపలా లేదు. ప్రకృతి కట్టిన గోడకు కాపలా అక్కర్లేదు. కులానికే కావాలి. కులం నిలబడేది లోపలి పెళ్లిళ్ల మీదే అని బాబాసాహెబ్ 1916లోనే కొలంబియాలో చదివిన వ్యాసంలో తేల్చారు. 2018లో మిర్యాలగూడలో ప్రణయ్ మీద లేచిన కత్తి ఆ కాపలాయే. నిజంగా వేరు జాతులమైతే ఆ కత్తి ఎందుకు?

తల్లీ, నీ ప్రశ్నకు జవాబు ఇదే. రెండూ ఒకటి కావు. నీ పుస్తకంలోని జాతికి మనుషులందరం చెందుతాం. ఊళ్లో నిన్ను తిట్టే జాతిని మనుషులే కల్పించారు. పరీక్షలో స్పీషీస్ అనే రాయి, మార్కులు పోవు.

జై భీమ్.