జీవో వచ్చింది సరే, ఊరికి తెలిసేదెప్పుడు?

ప్రభుత్వ ఉత్తర్వులను ఎవరైనా చూసుకునేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ఏర్పాటైన వెబ్‌సైటులో జీవోలు పెట్టడం 2021 ఆగస్టులో ఆపేశారు. ఆ తర్వాత ఈ-గెజిట్‌లో ఎంపిక చేసినవి మాత్రమే కనిపించాయి. వ్యవహారం హైకోర్టుకెక్కింది. ప్రభుత్వం మారాక 2024 ఆగస్టు చివర పాత సైటును తిరిగి తెరిచారు. సంతోషించదగిందే. అయితే మండల కార్యాలయం మెట్లెక్కే రైతుకు దీనివల్ల ఒరిగిందెంత అన్నది వేరే ప్రశ్న.

రేషన్ కార్డుకో, ఇంటి స్థలానికో వెళ్లినవాడికి "జీవో మారింది" అన్న జవాబు కొత్త కాదు. ఏ జీవో, ఏ తేదీది అని అడిగితే గుమాస్తాకు కోపం. నంబరు తెలిసినవాడికి సమాధానం దొరుకుతుంది. తెలియనివాడు దళారీని వెతుక్కుంటాడు. ఆ దళారీ అమ్ముకునేది రహస్యమేమీ కాదు, ప్రభుత్వం ఊరికే చెప్పవలసిన సంగతే.

2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టం అనగానే అందరికీ దరఖాస్తే గుర్తుకొస్తుంది. రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. ఖర్చు తక్కువే. కాని జవాబుకు గడువు 30 రోజులు. విత్తనాల అదను అంతదాకా ఆగదు. నిజానికి చట్టంలో దరఖాస్తు కంటే ముందున్నది నాలుగో సెక్షను. ఎవరూ అడగకుండానే కార్యాలయాలు తమంతట తాము వివరాలు వెల్లడించాలని, స్థానిక భాషను, ఆ ప్రాంతానికి అనువైన పద్ధతిని చూసుకోవాలని అది చెబుతోంది. నోటీసు బోర్డు, బహిరంగ ప్రకటన కూడా అందులో ఉన్నాయి. దండోరా వేయించినా చట్టాన్ని పాటించినట్లే.

ఇదేమీ జరగని పని కాదు. ఉపాధి హామీ పనులపై రాష్ట్రంలో 2006లో మొదలైన సామాజిక తనిఖీల్లో మస్టర్లను ఊరందరి ముందూ చదివి వినిపించారు. పనికి రానివాళ్లెవరో, ఊళ్లోనే లేనివాళ్లెవరో ఎదుట కూర్చున్న కూలీలే చెప్పారు. అక్షరం రానివాళ్లు లెక్కలు పట్టుకున్నారు మరి.

జీవోలకు ఆ భాగ్యం లేదు. తెలుగును అధికార భాష చేసిన చట్టం 1966 నాటిది. ఉత్తర్వులు మాత్రం చాలాకాలం ఎక్కువగా ఇంగ్లీషులోనే వచ్చాయి. ఇంగ్లీషులో ఉంటే సైటు తెరిచినా ఆ కాగితం చదివిపెట్టమని రైతు మళ్లీ ఎవరినో బతిమాలుకోవలసిందే. పంచాయతీ బోర్డు మీద పది పంక్తుల తెలుగు సారాంశం అంటించడానికి కొత్త జీవో ఏదీ అక్కరలేదు.