నిష్పత్తికి రెండు పదములు

నిష్పత్తుల పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయుడు మొదట నేర్పునవి పూర్వపదము, పరపదము అను రెండు మాటలు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకున్నను నిష్పత్తి లేదు. బడి దాటి వీధిలోనికి వచ్చిన నిష్పత్తికి మాత్రము ఈ నియమము ఉన్నట్లు కానరాదు. సభావేదికలపైనను, పత్రికలలోను (ఇందుకు మేమును మినహాయింపు కాము) పూర్వపదము గట్టిగా వినవచ్చును. అది దేనిలో పాలు అని అడుగువారు అరుదు.

ప్రజలకై వెచ్చించు ప్రతి రూపాయిలో పదునైదు పైసలే పేదలకు చేరుచున్నవని 1985లో నాటి ప్రధాని రాజీవ్ గాంధీ అన్నారు. ఏలుచున్నవారే అట్లనుట సాహసమే. కాని నాటినుండి నలువది యేండ్లుగా ఎందరో వక్తలు ఆ పదునైదు పైసలనే ఖర్చుపెట్టుచున్నారు. అవి మాత్రము తరుగుట లేదు! అది ఏ పథకపు రూపాయి? ఏ సంవత్సరపు రూపాయి? పల్లె ఆసుపత్రిలో వైద్యునికిచ్చు జీతము పేదకు చేరినట్లా, చేరనట్లా? ఈ ప్రశ్నలకు జవాబు లేకుండ మిగిలిన ఎనుబదియైదు పైసలును దొంగలపాలైనవనుట ఆవేశమగునే గాని లెక్క కాజాలదు.

సరిగా లెక్కించి తీసిన నిష్పత్తియు ఒక్కొక్కప్పుడు కన్నుగప్పును. మన దేశమున వెయ్యిమంది పురుషులకు స్త్రీలు 2001లో 933 మంది. 2011లో 943 మంది. ఇది చూచి సంతసించినవారు కలరు. అవే జనాభా లెక్కలలో ఆరేండ్లలోపు పిల్లలను వేరుచేసి చూచినచో, వెయ్యిమంది బాలురకు బాలికలు 927 నుండి 919కి తగ్గిరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఈ తగ్గుదల ఇంకను హెచ్చు: 961 నుండి 939కి. రెండు లెక్కలును నిజములే. స్త్రీలు మునుపటికన్న ఎక్కువకాలము జీవించుచుండుట మొదటి సంఖ్యను పెంచినది. గర్భముననే ఆడశిశువును తెలిసికొని తొలగించు దుర్మార్గము రెండవదానిని దించినది. అవ్వల ఆయుర్దాయమును చూపి పుట్టని మనుమరాండ్రను మరపించుట న్యాయము కాదు.

ఇక ఉపాధ్యాయులకు నిత్యానుభవమైన నిష్పత్తి మరొకటి కలదు. ప్రాథమిక పాఠశాలలో ముప్పదిమంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడుండవలెనని 2009 విద్యాహక్కు చట్టము విధించినది. రాష్ట్రమంతటికి సరాసరి తీసి, అది ముప్పదికి మించలేదు గనుక కొరతయే లేదని చెప్పుట పరిపాటియైనది. ఒక ఊహ చేసి చూడుడు. ఒక బడిలో ఎనుబదిమంది పిల్లలు, ఒక్కడే ఉపాధ్యాయుడు. వేరొక బడిలో పదిమంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు. మొత్తము తొంబదిమందికి ముగ్గురు. నిష్పత్తి సరిగా 30:1. ఏడవ తరగతి విద్యార్థి సైతము ఈ లెక్క చేసి, ఇందులో తప్పు లేదనును. తప్పు లెక్కలో లేదు. రెండు బళ్లను కలుపుటలో ఉన్నది. మొదటి బడిలో ఐదు తరగతులకును ఒక్కడే దిక్కు. అతడు ఒక తరగతికి పాఠము చెప్పునంతసేపు నాలుగు తరగతులు ఎక్కములు వల్లె వేయుచుండవలసినదే. రెండవ బడిలో మిగులు ఉన్నదని ఒకరిని అక్కడికి పంపుదమన్నను వీలుపడదు. అరువదిమంది వరకు పిల్లలున్న బడికి ఇద్దరుండవలెననియు, అరువదియొకటి మొదలు తొంబది వరకైన ముగ్గురుండవలెననియు ఆ చట్టపు షెడ్యూలే చెప్పుచున్నది. ఆ ప్రకారము ఈ రెండు బళ్లకును కావలసినవారు ఐదుగురు.

చట్టము చేసినవారు ఈ చిక్కును ఎరుగకపోలేదు. నిష్పత్తి ప్రతి పాఠశాలలోను నిలుపవలెనని 25వ సెక్షనులో స్పష్టముగా వ్రాసినారు. కావున విద్యాశాఖవారు తమ ప్రకటనలలో రాష్ట్రపు సరాసరికన్న ముందుగా, షెడ్యూలు కోరినంతమంది ఉపాధ్యాయులు లేని బళ్లు ఏ మండలమున ఎన్ని కలవో తెలుపవలెను.