ఇత్తడి పాదాలూ, కింది ఫ్లాటు బీరువా

మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాళ్ళకి ఓ జబ్బుంటుంది. చదివిందేదీ పనికిరాలేదన్న బాధ కొద్దీ, సందు దొరికితే చాలు నాలుగేళ్ళ చదువూ వెళ్ళగక్కేస్తారు. ఇవాళ నా వంతు. భరించండి.

మా టీంలో ఒకడు ఈమధ్య తన యాంప్లిఫయర్ కింద పెట్టడానికి నాలుగు ఇత్తడి పాదాలు కొన్నాడు. అక్షరాలా 18,000 రూపాయలు. "వైబ్రేషన్ ఐసొలేషన్ బాస్! సుశీలమ్మ ఎదురుగా నిలబడి పాడుతున్నట్టే ఉంది" అన్నాడు. సదరు యాంప్లిఫయర్ ట్రాన్సిస్టర్లది. వాల్వులది అయితే వణుకు కొంచెం పాటలోకి దూరుతుందని ఒప్పుకోవచ్చు. దీన్లో వణకడానికి ఏముందని?

పైగా ఇత్తడి ఐసొలేషన్ ఎలా చేస్తుందండీ? ప్రకంపనల్ని ఆపాలంటే కిందున్నది స్ప్రింగులా అణగాలి. ఎన్ని మిల్లీమీటర్లు అణిగిందో చూసి, 15.8 ని దాని వర్గమూలంతో భాగిస్తే సహజ పౌనఃపున్యం వచ్చేస్తుంది. 1 మి.మీ. అణిగితే దాదాపు 16 హెర్ట్జ్, 0.1 మి.మీ. అయితే 50. రబ్బరుకైతే ఇంకాస్త ఎక్కువ. దానికి 1.4 రెట్లు దాటాకే ఆపడం మొదలవుతుంది. దానికి దగ్గర్లో అయితే ఆపడం మాట దేవుడెరుగు, పెంచుతుంది! అంటే గట్టి రబ్బరు ముక్క పెట్టి మురిసిపోయేవాడు, డ్రమ్ము మోగే చోటే వణుకు పెంచుకుంటున్నాడన్నమాట. ఇత్తడి సంగతి సరే, అది అణగనే అణగదు.

అలాగని "అంతా బోగస్" అని కొట్టిపారేసే మేధావులతోనూ నాకు పేచీ ఉంది. రికార్డు ప్లేయర్ ముల్లు చదివేది మైక్రాన్లలో ఉండే గాడి వంపుల్ని. పక్కన అడుగేస్తే ఆ అడుగూ పాటలో కలుస్తుంది. అందుకే 1961లో ఎడ్గార్ విల్చర్ తన ఏఆర్ టర్న్‌టేబుల్‌లో పళ్ళేన్నీ, ముల్లు చేతినీ ఒకే చట్రం మీద ఉంచి స్ప్రింగుల మీద నిలబెట్టాడు. అంతెందుకు, మన డేటాసెంటర్ సంగతే చూడండి. 2008లో బ్రెండన్ గ్రెగ్ హార్డ్ డిస్కుల ముందు నిలబడి గట్టిగా అరిస్తే వాటి లేటెన్సీ పెరగడం గ్రాఫులో కనిపించింది. కదిలే భాగం ఉన్నచోట వణుకు నిజమే. లేనిచోట వణికేది మన పర్సే.

ఇక నా ఘనకార్యం. నేనూ తక్కువ తినలేదు. సబ్‌వూఫర్‌కి స్పైకులు బిగిస్తే "వైబ్రేషన్ భూమిలోకి దిగిపోతుంది" అన్నాడు కొట్టువాడు. నిజమే, దిగింది. భూమిలోకి కాదు, కింది ఫ్లాట్‌లోకి. వారం తిరక్కుండా కింద ఉండే పెద్దాయన పైకొచ్చి, "బాబూ, నీ పాటకి మా బీరువా దరువేస్తోందయ్యా. మీ పిన్నిగారికి రాత్రుళ్ళు నిద్ర ఉండటంలేదు" అన్నారు. తిట్టినా బావుండేది. మెషిన్ డిజైన్ పాసైన వెధవనై ఉండి, స్పైకు పట్టేసేదే గానీ విడదీసేది కాదని తట్టలేదు నాకు.

స్పైకులు పీకేసి, ఆ బరువుకి రెండున్నర మిల్లీమీటర్లు అణిగే స్ప్రింగులు పెట్టాను. అంటే 10 హెర్ట్జ్. లెక్క ప్రకారం 40 హెర్ట్జ్ దగ్గర నేలకి చేరే వణుకు పదిహేనో వంతు. బీరువా ఊరుకుంది. గాల్లో వెళ్ళే మోతని మాత్రం ఏ స్ప్రింగూ ఆపదు. దానికి వాల్యూం బటనే మందు, రాత్రి పది దాటితే నేను దాన్ని ముట్టుకోను.

ఆఫీసులో రూట్ కాజ్ చెప్పందే చిన్న బగ్ కూడా మూయనివ్వం మనం. అదే మనం కొట్లోకెళితే "తేడా తెలుస్తుంది సార్" అన్న ఒక్క మాటకి కార్డు గీకేస్తాం. మా వాణ్ణి అడిగాను: "నువ్వు కళ్ళు మూసుకో, మీ ఆవిడ పాదాలు తీసో పెట్టో పాట వేస్తుంది. పదిసార్లలో ఎన్నిసార్లు చెప్పగలవో చూద్దాం."

"ఎందుకులే బాస్" అన్నాడు.

వాడికీ తెలుసు!