పిట్ట కొంచెం, నష్టం ఘనం

ఎత్తయిన కప్పు, దాని కింద చిందిన గింజలు. ఈ రెండూ ఉన్నచోట పావురాలు కాపురం పెడతాయి. మార్కెట్ యార్డు షెడ్లు, రైసు మిల్లులు, గోదాములు, దుకాణ సముదాయాలు వాటికి పుట్టినిళ్లు. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చిన తర్వాత నాగర్‌కర్నూల్ ప్రాంతంలో వరి సాగు పెరిగింది. పల్లి పంట ముందునుంచీ ఉన్నదే. పంటతోపాటు దానిని నిలువచేసే కట్టడాలూ పెరుగుతాయి. కాని కట్టేటప్పుడు పిట్టల సంగతి తలచేవారు తక్కువ.

పావురం తినే గింజలు కొద్ది, పాడుచేసేవి ఎక్కువ. రెట్ట పడిన కుప్పకు ధర తగ్గితే నష్టపోయేది షెడ్డు యజమాని కాదు, రైతు. కుప్ప పక్కన రాత్రంతా కాపలా పడుకునే రైతు, సంచులు మోసే హమాలీ, షెడ్డు ఊడ్చే కూలీ - ఎండిన రెట్ట దుమ్మును పీల్చేది వీరే. ఆ దుమ్ము వల్ల ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయని వైద్యులు చెబుతున్నారు. ముంబయిలో దాదర్ కబూతర్‌ఖానాను 2025లో మూసివేయడం, ఆ వివాదం హైకోర్టుకు ఎక్కడం ఈ కారణంగానే. దుకాణం ముందు పావురాలకు గింజలు చల్లితే పుణ్యమని కొందరి నమ్మకం. పుణ్యం చల్లినవారికి, దగ్గు ఊడ్చినవారికి అన్నట్లుగా ఉండరాదు.

అలాగని విషం పెట్టడం తగదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం అది నేరం. పైగా ఆ విషం మనుషులు తినే గింజల్లో కలిసే ప్రమాదమున్నది. పట్టి దూరాన వదిలినా లాభం లేదు. ఒకప్పుడు జాబులు మోసిన జాతి కనుక తిరిగి గూటికే చేరుతుంది. మెరిసే పళ్లేలు, గుడ్లగూబ బొమ్మలు కొద్దిరోజుల ముచ్చటే. భయం తీరిన పిట్ట బొమ్మ నెత్తిమీదే వాలుతుంది.

తిండి, చోటు దొరకకుండా చేయడమే అసలు మందు. కాంటా అయిన వెంటనే చిందిన గింజలు ఎత్తివేయాలి. కుప్పలపై టార్పాలిన్ కప్పాలి. వెంటిలేటర్లకు, కప్పు కింద దూలాలకు వల బిగించాలి. పావురానికి రెండంగుళాల కన్ను చాలు. పిచ్చుకలు దూరకూడని గోదాములకు ముప్పాతిక అంగుళం కావాలి. గోడల అంచులను ఏటవాలుగా కడితే గూడు నిలవదు. పావురం విడతకు రెండు గుడ్లు పెడుతుంది, సుమారు 18 రోజుల్లో పిల్లలవుతాయి, తిండి దొరికితే ఏడాదిలో పలు విడతలు. అందుకే గుడ్లు పెట్టకముందే పుల్లలు తీసివేయడం మేలు. పిట్టలు లోపల ఉండగా వల మూసివేయడం పాపమే గాక, చచ్చిన పిట్టల కంపు అదనం.

రెట్టను పొడిగా ఊడ్వరాదు. నీళ్లు చల్లి తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకుని తీయాలి. ఆ మాస్కు కూలీ కొనుక్కోవలసినది కాదు, పని చేయించేవారు ఇవ్వవలసినది.

1966 నాటి మార్కెట్ల చట్టం కింద ఏర్పడిన కమిటీలు ఫీజు వసూలు చేసేది యార్డుల్లో సౌకర్యాల కోసమే. పంట రాకముందే షెడ్లకు వలలు కట్టించడం వాటి విధి. కొత్త వాణిజ్య భవనాలకు అనుమతి ఇచ్చేటప్పుడే పురపాలక సంఘాలు ఈ ఏర్పాట్లను అడగడం సమంజసం. కట్టిన తర్వాత వల బిగించే ఖర్చు కంటె కట్టేటప్పుడు అంచు వాల్చే ఖర్చు తక్కువ.

చూరుకు వరి కంకుల కుచ్చు వేలాడగట్టి పిచ్చుకలకు పెట్టిన ఊళ్లు మనవి. ఆ ఆచారం ఇంటి చూరున నిలవాలి. అమ్మకానికి పోసిన కుప్ప మాత్రం రైతు ఆరుగాలం కష్టం. దానిని కాపాడే భారం మార్కెట్‌దే.