చూచి వచ్చినవారు చెప్పవలయును

నూతన వైద్యశాల కట్టవలయునను సంకల్పము కలిగినతోడనే అధికారుల సంఘమొకటి ఇతర నగరముల వైద్యశాలలను చూచి వచ్చుటకు బయలుదేరుట పరిపాటి. ఈ యాచారమును మేము నిందింపము. ఇల్లు కట్టువాడు పది యిండ్లు చూచుట వివేకమే. కాని పోయినవారు ఏమి చూచిరో, ఏమి నేర్చిరో ప్రజలకు తెలియకున్నచో ఆ ప్రయాణము పూలదండలతో నారంభమై ఛాయాచిత్రములతో ముగియును. వ్యయము మాత్రము ప్రజల పద్దున మిగులును.

ఇట్టి ప్రయాణ మెట్లుండవలయునో తెలుపు నిదర్శనము ఫ్రాన్సు చరిత్రలో గలదు. పారిస్ నగరమందలి ఓతెల్ ద్యూ అను పురాతన వైద్యశాల 1772 డిసెంబరులో అగ్నికి ఆహుతి యయ్యెను. మిగిలిన భాగమున ఒకే మంచముపై నలుగురు, ఒక్కొక్కప్పుడు ఆరుగురు రోగులు పరుండుచుండిరి. 1785లో పొయే అను శిల్పి 5,000 మంది పట్టునట్టి వలయాకార మహాసౌధమును కట్టుదమని సూచించెను. ప్రభుత్వము దానిని శాస్త్ర పరిషత్తుకు నివేదించెను. లవోసియే, లాప్లాసు వంటి మహామేధావులు పరిషత్తు నియమించిన సంఘమున సభ్యులు. పాత వైద్యశాల నిర్వాహకులు వారికి సహకరింపలేదు. ఐనను వారు వెనుదీయలేదు. సౌధపు సొగసును గాక చావుల లెక్కను చూచిరి. ఓతెల్ ద్యూలో నలుగురైదుగురు రోగులలో నొకడు మరణించుచుండగా, ఎడింబరోలో ఇరువదియైదుగురిలో నొకడు మాత్రమే మరణించుచుండెను. ఒక్క మహాసౌధమునకు బదులు 1,200 మంచముల వైద్యశాలలు నాలుగు కావలయునని 1786లో వారు తీర్పుచెప్పిరి.

1787లో సంఘసభ్యులైన తెనోన్, కూలుంబు ఇంగ్లండునకు వెళ్లిరి. తెనోన్ శస్త్రవైద్యుడు, కూలుంబు ఇంజనీరు, విద్యుచ్ఛాస్త్రమున ప్రసిద్ధుడు. ప్లిమత్ చెంత స్టోన్‌హౌస్ నౌకాదళ వైద్యశాలలో రోగులను వేర్వేరు మందిరములందుంచి, నడుమ గాలియాడ చోటు విడిచి, స్తంభముల చావడితో కలిపియుండుట వారు గమనించిరి. మరుసటి సంవత్సరము తెనోన్ పారిస్ వైద్యశాలలను గూర్చి తన గ్రంథమును ప్రకటించెను. 1789లో విప్లవము వచ్చెను, కట్టడము సాగలేదు. ఐనను అచ్చుపడిన జ్ఞానము నశింపలేదు. 1854లో పారిస్‌లో తెరువబడిన లారిబోయిసియే వైద్యశాల ఆ మందిరముల పద్ధతిననే కట్టబడినది. నైటింగేలు దొరసాని 1859లో ప్రకటించిన గ్రంథమున దానిని ప్రశంసించినది.

దీనివలన మనము నేర్వవలసిన దేమి? పరుల వైద్యశాలను చూడబోవుటకు ముందు మన వైద్యశాలను చూడవలయును. అదియు నడిరేయి, ముందు చెప్పకుండ. నేలపై పడియున్న రోగులెందరు? నీరు ఏ యంతస్తువరకు ఎక్కుచున్నది? మేమెరిగిన యొక వైద్యశాలలో శస్త్రచికిత్సా మందిరమునకు పోవు దారిమలుపున స్ట్రెచరు తిరుగదు. రోగిని చేతులపై మోసికొని పోవలయును. నక్షా గీసినవారు అచ్చటి దాదిని గాని మోతకూలిని గాని ఒక్కమాట యడిగియుండిన ఈ దుస్థితి రాకుండెడిది. కావున పరిశీలక బృందమున దాదికి స్థానముండవలయును. వారు పోయినచోట ఘనతను గాక, "మరల కట్టవలసివచ్చినచో మీరేమి మార్తురు?" అని యడుగవలయును.

తిరిగి వచ్చిన మాసములోగా తమ నివేదికను తెలుగున ప్రకటింపవలయును. ప్రకటింపరందురా? 2005 నాటి సమాచార హక్కు చట్టము మన చేతనున్నది. స్వల్ప రుసుముతో ఏ పౌరుడైనను ఆ నివేదికను, పర్యటన వ్యయమును గోరవచ్చును. ముప్పది దినములలో అధికారి బదులీయవలయును. పఠనాలయమున ఈ పత్రికను చదువు సోదరులారా, మీ పట్టణమున వైద్యశాలకు శంకుస్థాపన జరుగకముందే అట్టి దరఖాస్తు నొకటి వ్రాయుడు. గోడ లేచిన పిమ్మట మలుపును సరిదిద్దుట కష్టము.